కట్టమంచి వారికి దండ వేసి సరిపెట్టకండి: ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఒక బహిరంగ లేఖ

ఆంధ్ర విశ్వవిద్యాలయం పాలకమండలి సభ్యులకు, వైస్ ఛాన్సలర్ గారికి, అక్కడ పాఠాలు చెబుతున్న ఆచార్యులకు, చదువు ముగించుకుని ఎక్కడెక్కడో స్థిరపడ్డ నాలాంటి పూర్వ విద్యార్థులకు నమస్కారం.

1926లో పుట్టిన మన విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్ళు. ఇలాంటి సందర్భంలో సభలుంటాయి, శాలువాలుంటాయి, ప్రత్యేక సంచికలుంటాయి. ఉండాలి కూడా, నూరేళ్ళంటే మాటలా. నా బెంగల్లా ఆ సభల్లో మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారి గురించి మనం ఏం చెప్పుకుంటామన్నదే. ఫొటోకి దండ వేసి, జ్యోతి వెలిగించి, మహామేధావి, మహావక్త, వ్యవస్థాపక ఉపకులపతి అని నాలుగు విశేషణాలు చదివి, ఆ వెంటనే వేదిక మీదున్న ముఖ్య అతిథి గారి పరిచయంలోకి వెళ్ళిపోతే ఆయనకి మనం చేసింది ఏమీ ఉండదు. అందుకే సభలన్నీ అయిపోయాక బాధపడే బదులు ఇప్పుడే అడుగుదామని ఈ లేఖ రాస్తున్నాను.

ఆయన పేరు మనకి కొత్తది కాదు. స్నాతకోత్సవాలు జరిగే హాలు ఆయన పేరు మీదే ఉంది. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీ ఉంది, అందులో వేలమంది చదువుకున్నారు. పేరుకి లోటు లేదు. ఆ పేరు వెనక ఉన్న మనిషి ఏం చేశాడో, ఏ రోజున ఏ నిర్ణయం తీసుకున్నాడో, ఆ నిర్ణయానికి ఏం వదులుకున్నాడో, అది మాత్రం క్యాంపస్‌లో తిరిగే పిల్లలకి అందడం లేదని నా అభిప్రాయం. తప్పు పిల్లలది కాదు. మనం చెప్పలేదు, అంతే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వీసీ పదవి ప్రజల పని అని, ప్రభుత్వం ఇచ్చిన బహుమానం కాదని ఆయన చేతలతో చూపించారు. ఆయన్ని గౌరవించాలంటే ఆ చేతల్ని బయటపెట్టాలి, వాటిని ఈ తరం చదివేలా చెయ్యాలి.

1923 సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే ఇది తెలిసినవాళ్ళు కూడా రెండు ముక్కల్నీ కలిపి చూడరు. అప్పుడు మద్రాసు శాసనమండలిలో బ్రాహ్మణేతరుల పార్టీగా పేరున్న జస్టిస్ పార్టీ ప్రభుత్వం, పానగల్ రాజా గారు ముఖ్యమంత్రి. రెడ్డి గారు మొదట ఆ వైపు ఉండి, తర్వాత విభేదించి బయటికొచ్చి, ఆ ఏడాది నవంబరు 27న ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశ చట్టసభల చరిత్రలో అదే మొదటి అవిశ్వాస తీర్మానం. అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చి ఓడిపోయింది. బాగుంది. రెండున్నరేళ్ళు తిరిగాయి. అదే పానగల్ రాజా గారి ప్రభుత్వం, విద్యామంత్రి ఎ.పి.పాత్రో గారి చొరవతో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం తెచ్చింది. మొదటి వీసీగా ఎవరొచ్చారు? తమ ప్రభుత్వాన్ని పడగొట్టాలని సభలో లేచి నిలబడ్డ ఆ మనిషే.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. మనల్ని దింపెయ్యాలని చూసినవాడు అని ఎవరూ అడ్డుపడకుండా ఉన్నారా, లోపల్లోపల ఎన్ని మాటలు నడిచాయో, నేనేమీ ఊహించను. చివరికి జరిగింది మాత్రం అది. కొత్తగా పుట్టిన విశ్వవిద్యాలయానికి చదువు తెలిసిన, నిర్మాణం తెలిసిన మనిషి కావాలి, అలాంటివాడు ప్రతిపక్షంలో ఉన్నా సరే అతనే కావాలి అన్నది అప్పటి పద్ధతి అయింది. ఆ గౌరవంలో పానగల్ రాజా గారికీ పాత్రో గారికీ కూడా వాటా ఉందని నేను నమ్ముతాను. ఇవాళ వీసీల ఎంపిక మీద ఎవరు ఎక్కడ చర్చ పెట్టినా ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఇంకే ఉపన్యాసమూ అక్కర్లేదు. శతాబ్ది సభల్లో ఈ కథ చెప్పండి. వేదిక మీద మంత్రులు ఉన్నప్పుడే చెప్పండి.

ఆయన నేపథ్యం క్లుప్తంగా. 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు, అక్కణ్ణుంచి స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్ళారు, అక్కడి విద్యార్థుల చర్చావేదిక కేంబ్రిడ్జి యూనియన్‌కి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. తిరిగొచ్చాక బరోడా, ఆ తర్వాత మైసూరు. తెలుగు సాహిత్య విమర్శకి ఆయన చేసింది వేరే పెద్ద కథ, దాన్ని తెలుగు శాఖ వాళ్ళు నాకన్నా బాగా చెబుతారు. ఆర్థికశాస్త్రాన్ని తెలుగులో రాసిన తొలితరం వాళ్ళలో కూడా ఆయన ఒకరు. కేంబ్రిడ్జిలో చదివి ఇంగ్లీషులో అంత పేరు తెచ్చుకున్న మనిషి, తెలుగు చదివే మామూలు పాఠకుడికి డబ్బు ఎలా నడుస్తుందో తెలుగులో వివరించాలనుకోవడం నాకు చాలా ఇష్టమైన విషయం.

మైసూరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఆయన్ని తెలుగువాడిగా, ఆంధ్ర విశ్వవిద్యాలయం మనిషిగా మాత్రమే చూసే అలవాటు వల్ల మనం ఈ భాగాన్ని దాటేస్తున్నాం. మహారాజా కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్ అయి, చివరికి ఆ సంస్థానం మొత్తం విద్యాశాఖకి అధిపతి అయ్యారు. అంటరానివాళ్ళని పేరు పెట్టి బడి బయట నిలబెట్టిన పిల్లల్ని లోపలికి తీసుకురావాలా వద్దా అన్న గొడవ అప్పుడు అక్కడ రగులుతోంది. ప్రభుత్వ బడి అంటే అన్ని కులాల పిల్లలకీ తెరిచి ఉండాల్సిందే అని రెడ్డి గారు పట్టుబట్టారు. పై కులాల వాళ్ళు మా పిల్లల్ని మానిపించేస్తాం అన్నారు, కొన్నిచోట్ల మానిపించారు కూడా. ఆయన వెనక్కి తగ్గలేదు. సంస్థానంలో ఉద్యోగం, పైన దివాను, చుట్టూ పలుకుబడి ఉన్న కులాలు, తానేమో బయటి రాష్ట్రంనుంచి వచ్చిన తెలుగువాడు. ఫైలు మీద ఏదో మధ్యేమార్గం రాసి కాలం గడిపెయ్యడానికి ఇన్ని కారణాలు ఉన్నప్పుడు గడపకుండా ఉండటమే నాయకత్వం అని నేననుకుంటాను. ఆయన గురించి రాసే ఏ ప్రత్యేక సంచికలోనైనా కేంబ్రిడ్జి పేజీ కన్నా ఈ పేజీ ముందుండాలి.

అదే మైసూరులో విశ్వవిద్యాలయం పెట్టాలనుకున్నప్పుడు, ప్రపంచంలో చదువులు ఎలా నడుస్తున్నాయో చూసి చెప్పమని ఇద్దరికి బాధ్యత ఇచ్చారు. ఒకరు రెడ్డి గారు, రెండోవారు థామస్ డెన్‌హమ్. ఎక్కడ ఏది బాగుందో ఏరుకున్నారు. కొత్తగా పరిశోధన చెయ్యాలన్న పట్టుదల షికాగోలో నచ్చింది. విశ్వవిద్యాలయం తన గోడల మధ్య ఉండిపోకుండా జనంలోకి వెళ్ళి రైతుకీ కూలికీ ఉపయోగపడాలన్న పద్ధతి విస్కాన్సిన్‌లో కనిపించింది. చదువుతోపాటు బతుకునీ నాయకత్వాన్నీ నేర్పే తీరు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల దగ్గర ఉంది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం మొదలైంది. అంటే పదేళ్ళ తర్వాత బెజవాడలో వీసీగా పని మొదలుపెట్టేనాటికి ఆయనకి ఒక విశ్వవిద్యాలయం సున్నా నుంచి ఎలా లేస్తుందో దగ్గరుండి చూసిన అనుభవం ఉంది. అలాంటి మనిషి దొరకడం మన అదృష్టం.

బెజవాడ అన్నాను కదా, కొత్త పిల్లలకి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. విశ్వవిద్యాలయం మొదలైంది ఇప్పుడు మనం విజయవాడ అనే ఊళ్ళో. ఎక్కడ పెట్టాలన్న దాని మీద పెద్ద తగాదా నడిచింది, బెజవాడ అని కొందరు, రాజమండ్రి అని కొందరు, అనంతపురం అని కొందరు, వాల్తేరు అని కొందరు. 1930లో వాల్తేరుకి, అంటే విశాఖపట్నానికి, మారింది. తెలుగునేలకి ఆ చివర చిత్తూరులో పుట్టినాయన ఈ చివర సముద్రం ఒడ్డున వాల్తేరు కొండ మీద విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టాడు. రాయలసీమవాడివి, మా కోస్తా సంగతి నీకెందుకు అనే మాటలు ఇవాళ ఎంత తేలిగ్గా వినిపిస్తున్నాయో చూస్తుంటే ఈ విషయం గుర్తుచెయ్యాలనిపించింది.

ఇంకో చిన్న విషయం. చిన్నదే గానీ నాకు చాలా ఇష్టం. కళాప్రపూర్ణ మన విశ్వవిద్యాలయం ఇచ్చే గౌరవ పట్టా. 1927లో, అంటే రెడ్డి గారు మొదటిసారి వీసీగా ఉన్నప్పుడు, దాన్ని వేదం వేంకటరాయ శాస్త్రి గారికి ఇచ్చారు. పుస్తకం గ్రాంథికంలోనే ఉండాలని గట్టిగా నిలబడ్డ పండితుడు ఆయన. 1938లో, రెడ్డి గారు రెండోసారి వీసీగా ఉన్నప్పుడు, అదే పట్టా గిడుగు రామమూర్తి గారికి ఇచ్చారు. జనం మాట్లాడే భాషే రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. ఆ ఇద్దరి పక్షాలూ ఒకదాన్నొకటి ఎంత తిట్టుకున్నాయో తెలుగు సాహిత్యం చదివినవాళ్ళకి తెలుసు. రెండు పక్షాల పెద్దలనీ ఒకే విశ్వవిద్యాలయం, ఒకే వీసీ కాలంలో గౌరవించింది. వీసీకి సొంత అభిప్రాయం ఉండొచ్చు, రెడ్డి గారికి చాలానే ఉండేవి, వాటిని దాచుకునే మనిషి కూడా కాదు. విశ్వవిద్యాలయం ఇచ్చే గౌరవం మాత్రం ఎవరి పక్షానా ఉండకూడదు. మనవాళ్ళకే ఇచ్చుకుందాం అనే ధోరణి లేని రోజులు ఒకప్పుడు మన దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1930.

ఆ ఏడాది ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. మన తీరం పొడుగునా జనం ఉప్పు వండారు, లాఠీ దెబ్బలు తిన్నారు, జైళ్ళకి పోయారు. విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ ఎవరు? మద్రాసు గవర్నర్, అంటే ఆ లాఠీలు ఎవరి పేరు మీద లేస్తున్నాయో ఆయనే. రెడ్డి గారు సత్యాగ్రహి కాదు, జైలుకి పోదామనుకున్న మనిషీ కాదు. చట్టసభలో కొట్లాడటం తెలిసినవాడు, రాజ్యాంగం, నియమాలు అని మాట్లాడేవాడు. ఆయనకి నోరు మూసుకుని ఉండటానికి ఎవరూ తప్పుపట్టని కారణం ఉంది. విశ్వవిద్యాలయం పసిది, నాలుగేళ్ళది, ఇప్పుడిప్పుడే వాల్తేరుకి మారుతోంది, సర్కారు డబ్బు ఆగిపోతే అక్కడే కూలిపోతుంది, సంస్థ కోసం ఊరుకున్నాను అంటే జనం సరేననేవారు. ఆయన ఊరుకోలేదు. ప్రభుత్వం ఉద్యమాన్ని అణచివేస్తున్న తీరుకి నిరసనగా వీసీ పదవికి రాజీనామా చేశారు.

నేను ఈ విషయం మీద చాలాసార్లు ఆలోచించాను. సంస్థని కాపాడటం కోసం ఊరుకోవడం అనే వాదన చాలా బలమైనది, చాలాసార్లు నిజం కూడా, దాన్ని చెప్పేవాళ్ళందరూ పిరికివాళ్ళు కాదు. పదిమంది ఉద్యోగాలు, వందలమంది చదువులు ఒక మనిషి సంతకం మీద ఉన్నప్పుడు ఆవేశం పనికిరాదు. అయినా రెడ్డి గారు వేరే లెక్క వేశారని నాకనిపిస్తుంది. బయట తన విద్యార్థుల అన్నదమ్ములు దెబ్బలు తింటుంటే, అదే గవర్నర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని స్నాతకోత్సవంలో సత్యం, ధర్మం అని పిల్లలకి ఎలా చెబుతాడు? ఆ మాటకి విలువ పోయాక ఆ భవనాలు నిలబడితే ఏం, నిలబడకపోతే ఏం. విశ్వవిద్యాలయం కూలిపోలేదు. ఆయన వెళ్ళిపోయినా అది నడిచింది. ఒక మనిషి లేకపోయినా నడిచేలా సంస్థని కట్టినవాడు మాత్రమే అలా ధైర్యంగా వెళ్ళగలడు, ఆ నాలుగేళ్ళ పని ఎంత గట్టిదో నాకు దీనిలోనే కనబడుతుంది.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వీసీగా వచ్చారు, 1936 దాకా ఉన్నారు. ఆ అయిదేళ్ళలో ఆర్ట్స్, సైన్స్ కాలేజీలు నిలదొక్కుకున్నాయి, దేశం నలుమూలలనుంచి ఆచార్యులు వచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. రెడ్డి గారిని పొగడటానికి వీళ్ళని తగ్గించాల్సిన పని లేదు. నిజానికి మన విశ్వవిద్యాలయం కథ ఒక్క మనిషి కథగా చెప్పుకుంటే ఆయనకే నచ్చదనుకుంటాను.

1936లో మళ్ళీ వీసీ అయ్యారు. ఈసారి 1949 దాకా. పదమూడేళ్ళు. ఒకసారి వదిలేసి వెళ్ళిన మనిషిని తిరిగి అదే బాధ్యతకి పిలవడం, ఆయన రావడం, రెండూ మామూలు విషయాలు కావు. ఆ పదమూడేళ్ళూ సుఖంగా గడిచినవి కూడా కావు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది, క్యాంపస్ భవనాలు సైన్యం చేతికి పోయాయి, విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. లైబ్రరీ పుస్తకాలు, లేబొరేటరీ సామాను, ఆచార్యులు, వాళ్ళ కుటుంబాలు, పరీక్షలు, అన్నీ. అంత వయసులో, అరవై దాటాక, ఆ తరలింపంతా ఆయన మీద పడింది. ఆ ఏళ్ళలో కూడా పెరుగుదల ఆగలేదు. భూగర్భశాస్త్ర విభాగం 1941లో మొదలైంది, న్యాయ కళాశాల 1945లో వచ్చింది. యుద్ధం ముగిశాక మళ్ళీ వాల్తేరు. ఊరేగింపుల్లేని, ఎవరూ పాట కట్టని ఈ పనిని ప్రజాసేవ అనకపోతే దేన్ని అంటాం?

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకి సర్ బిరుదు ఇచ్చింది, ఆయన తీసుకున్నారు. క్విట్ ఇండియా ఏడాది అది. 1930లో రాజీనామా చేసిన మనిషి 1942లో సర్ అయ్యాడేమిటి అని అప్పుడూ అడిగినవాళ్ళుంటారు, ఇప్పుడూ అడుగుతారు. అడగనివ్వండి. శతాబ్ది సంచికలో ఆ ప్రశ్న ఉండాలనే నా కోరిక. జస్టిస్ పార్టీలో ఉండి బయటికి రావడం, ప్రభుత్వాన్ని ఎదిరించడం, అదే ప్రభుత్వం ఇచ్చిన బిరుదు తీసుకోవడం, ఇవన్నీ ఆయనవే. మచ్చలేని విగ్రహాన్ని చూపిస్తే పిల్లలు దండం పెట్టి వెళ్ళిపోతారు. నిజమైన మనిషిని చూపిస్తే వాదిస్తారు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా చేసింది అదే అయ్యుంటుంది.

వీసీ పదవి గౌరవం కోసం నిలబడ్డవాళ్ళు తెలుగునాట ఇంకా ఉన్నారు, ఒక్కరి పేరు చెప్పకుండా ఉండలేను. ఉస్మానియాలో డి.ఎస్.రెడ్డి గారు వీసీగా ఉన్నప్పుడు ప్రభుత్వం చట్టాన్ని సవరించి ఆయన్ని మధ్యలో పంపించెయ్యాలని చూసింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ఆయన కోర్టుకి వెళ్ళారు. 1967లో సుప్రీంకోర్టు ఆ సవరణ సమానత్వ హక్కుకి, అంటే రాజ్యాంగం 14వ అధికరణానికి, విరుద్ధమని కొట్టేసింది. ఒకాయన పదవి వదిలి నిలబడ్డారు, ఒకాయన పదవి వదలనని నిలబడ్డారు. రెండు సందర్భాల్లోనూ ఆ కుర్చీ ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడేది కాదన్నదే అసలు మాట.

సరే, ఏం చెయ్యమంటావు అని మీరు అడగొచ్చు. అడుగుతున్నాను, వినండి.

అన్నిటికన్నా ముందు, ఆయన స్నాతకోత్సవ ప్రసంగాలు, రెడ్డి గారు, రాధాకృష్ణన్ గారు వీసీలుగా ఉన్న కాలంనాటి సెనేట్ చర్చలు, 1930 రాజీనామాకి సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలు, గుంటూరు తరలింపు కాగితాలు, వీటిలో విశ్వవిద్యాలయం దగ్గర ఏమేం ఉన్నాయో ఏరి, స్కాన్ చేసి, ఎవరైనా ఫోన్‌లో తెరిచి చదువుకునేలా ఉచితంగా పెట్టండి. ఇంగ్లీషులో ఉన్నవాటిని తెలుగు చెయ్యండి. చరిత్ర శాఖ, తెలుగు శాఖ, లైబ్రరీ సైన్స్ శాఖ కలిసి కూర్చుంటే బయటి ఏజెన్సీలు అక్కర్లేదు, పీజీ పిల్లలకి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు. పాత కాగితానికి మన గాలిలో ఉప్పు ఎంత శత్రువో విశాఖలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఈ పని ఆలస్యం చెయ్యకండి. అందులో పొగడ్తలు మాత్రమే ఏరిపెట్టకండి, ఆయన్ని విమర్శించినవాళ్ళ మాటలు కూడా ఉంచండి. అన్ని పనుల్లోకీ నాకు ఇదే ముఖ్యం, మిగతావి జరగకపోయినా ఇది జరగాలి.

ప్రతి డిసెంబరు 10న ఆయన పేరిట ఒక బహిరంగ ఉపన్యాసం పెట్టండి. అప్పుడున్న ప్రభుత్వానికి నచ్చే వక్తనే పిలవాలన్న నియమం లేకుండా, వక్తని ఆచార్యులూ విద్యార్థి ప్రతినిధులూ కలిసి ఎంచుకునేలా చూడండి. ఉపన్యాసం అయ్యాక ప్రశ్నలకి కనీసం గంట టైమ్ ఉండాలి. కేంబ్రిడ్జి యూనియన్‌లో మాట నేర్చుకున్న మనిషికి ప్రశ్నలు లేని సభ పెట్టడం న్యాయం కాదు.

ఇంకోటి, నేను చాలా గట్టిగా అడిగేది. మైసూరులో ఆయన ఏ పిల్లల కోసం తలుపులు తెరిపించారో, అలాంటి పిల్లల కోసం మనం ఏదైనా చెయ్యాలి. జయపురం సంస్థానం ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పట్లో విశాఖ జిల్లాలో భాగం. మహారాజా గారు ఏటా ఇచ్చిన ఆ లక్ష రూపాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆ కొండల్లో పోడు కొట్టుకుని, అడవి మీద బతికిన గిరిజనుల నేలనుంచి వచ్చిన ఆదాయమే అది. మన సైన్స్ కాలేజీ గోడల్లో వాళ్ళ కష్టం ఉంది. పాడేరు, అరకు, చింతపల్లి వైపునుంచీ, కొండకి అటుపక్క కోరాపుట్ వైపునుంచీ వచ్చే గిరిజన విద్యార్థులకి, దళిత విద్యార్థులకి కట్టమంచి పేరుతో పూర్తిస్థాయి ఫెలోషిప్‌లు పెట్టండి, ఫీజు ఒక్కటే కాదు, హాస్టల్, పుస్తకాలు, పరిశోధన ఖర్చు అన్నీ కలిపి. ప్రభుత్వ గ్రాంట్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పని లేకుండా దీనికి విడిగా ఒక నిధి ఉండాలి.

డబ్బు ఎక్కణ్ణుంచి అంటారా, అక్కడే పూర్వ విద్యార్థులం మనం వస్తాం. అమెరికాలో, హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఎంతమందిమి ఉన్నాం. బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో బీచ్ రోడ్డు ఫొటోలు పెట్టుకుని మురిసిపోతాం, మంచిదే, నాకూ అవి చూస్తే ప్రాణం లేచొస్తుంది. శతాబ్ది సంవత్సరంలో ఒక్కో బ్యాచ్ ఒక్కో విద్యార్థి పూర్తి ఖర్చు తలకెత్తుకుంటే చాలు. భవనం మీద పేరు చెక్కించుకునే విరాళం కన్నా ఇది మేలు. మన ఇళ్ళల్లో, మన తాతల పెట్టెల్లో పాత కాన్వొకేషన్ ఫొటోలు, గుంటూరు రోజుల నోటు పుస్తకాలు, పాత ఆచార్యుల ఉత్తరాలు ఉంటే అవి కూడా వెతికి యూనివర్సిటీకి ఇద్దాం. పాలకమండలి వారు వాటిని తీసుకోవడానికి ఒక మనిషిని, ఒక చిరునామాని ప్రకటించాలి, లేకపోతే ఎవరికివ్వాలో తెలియక అవి అలాగే పెట్టెల్లో ఉండిపోతాయి.

వైస్ ఛాన్సలర్ గారికి విడిగా ఒక మాట. మీరు కూర్చున్న చోట ఇంతకుముందు ఎవరు కూర్చున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు. మీ మీద ఎన్ని వైపుల నుంచి ఒత్తిళ్ళుంటాయో, ఖాళీ పోస్టులు, పెన్షన్లు, ర్యాంకింగుల టెన్షన్ ఎంతుంటుందో నేను అర్థం చేసుకోగలను. ఈ పనుల్లో మొదటిదానికి పెద్ద ఖర్చు లేదు, మీ సంతకం ఉంటే చాలు. వీసీ ఛాంబర్‌లో 1930 నాటి ఆ రాజీనామా ప్రతి ఒకటి ఫ్రేమ్ కట్టించి పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్ళు, మిమ్మల్ని కలవడానికి వచ్చే మంత్రులు, విద్యార్థి నాయకులు అందరూ చూసేలా.

ప్రసంగాల సంపుటం అచ్చయ్యాక మొదటి ప్రతుల్లో ఒకటి చిత్తూరులో కట్టమంచి బడికి, ఒకటి మైసూరు విశ్వవిద్యాలయానికి, ఒకటి జయపురానికి పంపండి. ఆ పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఉంటాను,
మీ పూర్వ విద్యార్థి ఒకడు